సరుకులు చవకైన ఏడాదిలో సవర ధర ఎందుకు మండింది?

2025 అక్టోబరులో దేశంలో చిల్లర ధరల ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగివచ్చింది. 2012ను ప్రాతిపదికగా తీసుకుని అప్పట్లో లెక్కించిన ఆ సూచీలో అంత తక్కువ అంకె అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. కూరగాయలు, పప్పులు ముందటేటి కంటే చవకయ్యాయి. సరిగ్గా ఆ నెలలోనే ఔన్సు బంగారం 4,000 డాలర్లు దాటింది. ఏడాది మొదట్లో అది 2,600 డాలర్ల దగ్గర ఉంది. తిరుపతి గాంధీ రోడ్డులోనూ చిత్తూరు బజారువీధిలోనూ పెళ్లి నగల కోసం వచ్చినవాళ్లు సవర (8 గ్రాముల బంగారం) రేటు విని, అనుకున్న హారం మానుకుని గొలుసుతో సరిపెట్టుకున్న రోజులవి.

ధరలు పెరిగిపోతున్నాయి, నాలుగు సవర్లు కొనిపెట్టుకుంటే మంచిది అన్నది మన ఇళ్లలో తరతరాల మాట. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ నిజం నలభై, యాభై ఏళ్ల లెక్కలో కనిపించేది. అయిదేళ్లకో పదేళ్లకో ఆ సూత్రాన్ని నమ్ముకుంటే దెబ్బతినే వీలుంది. ఎందుకంటే బంగారం ఉప్పు పప్పుల ధర వెంట నడవదు. ముఖ్యంగా అమెరికా వడ్డీ వెంట, డాలరు విలువ వెంట నడుస్తుంది. 2022 నుంచి వాటికి తోడు దేశాల మధ్య పెరిగిన అపనమ్మకం దాన్ని పైకి లాగుతోంది.

దుకాణం బోర్డు మీది అంకె ఎలా తయారవుతుందో ముందు చూద్దాం. ఔన్సు అంటే 31.1 గ్రాములు. ఔన్సు 4,000 డాలర్లయితే గ్రాము 128.6 డాలర్లు. డాలరు 88 రూపాయలనుకుంటే గ్రాము సుమారు 11,300 రూపాయలు. దానిపై 2025లో ఉన్న 6 శాతం దిగుమతి సుంకం వేస్తే దాదాపు 12,000. ఇది 24 క్యారెట్ల మేలిమి ధర. నగలకు వాడే 916 (22 క్యారెట్ల) బంగారమైతే గ్రాము 11,000, అంటే 8 గ్రాముల సవర 88,000 రూపాయలు. తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ ఆ పైన. ఈ లెక్కలో తిరుపతి వ్యాపారి చేతిలో ఉన్నది తరుగు, మజూరీ మాత్రమే. చెన్నై టీ నగర్‌కు వెళ్లి కొన్నా తేడా వచ్చేది అక్కడే. మిగతాదంతా లండన్, న్యూయార్క్ మార్కెట్లు, మన రూపాయి, ఢిల్లీ సుంకం కలిసి తేల్చేవి.

ఈ మూడింటిలో జనం తక్కువగా పట్టించుకునేది రూపాయిని. పై లెక్కలోనే డాలరు 88 నుంచి 89కి చేరిందనుకోండి. ప్రపంచంలో బంగారం ధర ఒక్క సెంటు మారకపోయినా ఇక్కడ సవర మీద సుమారు వెయ్యి రూపాయలు పెరుగుతుంది. సుంకం దెబ్బ ఇంకా పెద్దది. 2024 జులై బడ్జెట్‌లో 15 శాతంగా ఉన్న సుంకాన్ని 6 శాతానికి తగ్గించారు. పాత సుంకమే కొనసాగి ఉంటే పై లెక్కలో సవర 88,000 బదులు 95,000 దాటేది. బంగారం పెరిగిందని అందరం ఒకే మాటగా అంటాం గానీ, పెరిగింది బంగారమా, తగ్గింది రూపాయా అన్నది విడదీసి చూస్తే తప్ప తెలియదు.

ఇక అసలు సంగతి, వడ్డీ. బంగారం బీరువాలో ఎన్నేళ్లున్నా గ్రాము పెరగదు. అదే డబ్బు బాండులో పెడితే వడ్డీ వస్తుంది. కాబట్టి బంగారం పెట్టుకున్నవాడు ఆ వడ్డీని వదులుకుంటున్నట్టే. ఎంత వదులుకుంటున్నాడన్నది వడ్డీ రేటొక్కటే చూస్తే తేలదు, దానిలోంచి ధరల పెరుగుదలను తీసేయాలి. వడ్డీ 7 శాతం, ద్రవ్యోల్బణం 6 శాతమైతే చేతికి నిజంగా మిగిలేది 1 శాతమే. అప్పుడు బంగారం పెట్టుకున్నా పెద్ద నష్టం లేదు. అదే ద్రవ్యోల్బణం 3 శాతానికి దిగితే నిజ వడ్డీ 4 శాతమవుతుంది, బంగారం బరువనిపిస్తుంది. పెద్ద మదుపరులు చూసేది ఈ నిజ వడ్డీనే. ప్రపంచ ధర డాలర్లలో తేలుతుంది కనుక, లెక్కలోకి వచ్చేది అమెరికా నిజ వడ్డీ. మన రిజర్వు బ్యాంకు రెపో రేటుకు, అంటే అది బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీకి, ఆ ధర మీద పెత్తనం దాదాపు లేదు. దీనికి 2025 కంటే గట్టి రుజువు అక్కర్లేదు. ఆ అక్టోబరులో మన రెపో రేటు 5.5 శాతం, ద్రవ్యోల్బణం పావు శాతం. అంటే మన దేశంలో నిజ వడ్డీ 5 శాతం పైమాటే. సూత్రం ప్రకారం బంగారం వెలవెలబోవాలి. జరిగింది అందుకు పూర్తిగా వ్యతిరేకం.

అమెరికా చరిత్రలో ఈ సూత్రం పనిచేసిన తీరు స్పష్టంగా కనిపిస్తుంది. 1944 బ్రెటన్‌వుడ్స్ ఒప్పందం ప్రకారం ఔన్సు 35 డాలర్లకు కట్టేసి ఉండేది. 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ ఆ ముడి విప్పేశారు. ఆ దశాబ్దంలో చమురు ధరలు, ద్రవ్యోల్బణం చెలరేగాయి, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు (ఫెడ్) వడ్డీలు వాటిని అందుకోలేకపోయాయి, బంగారం 1980 జనవరికల్లా 850 డాలర్లకు ఎగబాకింది. బంగారం ధరల నుంచి కాపాడుతుందన్న పేరు గట్టిపడింది ఆ పదేళ్లలోనే. అయితే 1979లో ఫెడ్ పగ్గాలు పట్టిన పాల్ వోల్కర్ వడ్డీని 20 శాతం దాకా తీసుకెళ్లారు. ధరలు దిగివచ్చాయి, బంగారం కూలింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో అమెరికాలో సరుకుల ధరలు రెట్టింపు దాటాయి. బంగారం మాత్రం 2001 నాటికి 270 డాలర్ల చుట్టూ మూలిగింది.

ఆ పతనం ప్రభావం చిత్తూరు జిల్లాలో నేల కింద కూడా కనిపించింది. కుప్పం దగ్గర గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం గనులున్నాయి. కోలారు బంగారు పొర దక్షిణంగా సాగి మన జిల్లాలోకి వచ్చిన భాగమది. కోలారు గనులతో పాటు వీటినీ భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ నడిపేది. 2001లో అన్నీ మూతపడ్డాయి. ఖనిజం అయిపోయిందనే చాలామంది అనుకుంటారు. కోలారులో గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లి, రాయిలో బంగారం పలచబడి, ఖర్చు పెరిగిపోయిన మాట నిజమే. అయితే గనికి ఖర్చు గిట్టుతుందా లేదా అన్నది ధర మీదే ఆధారపడుతుంది. 1999లో ఔన్సు 252 డాలర్లకు పడిపోయింది. అమెరికాలో నిజ వడ్డీలు ఎక్కువ, డాలరు బలంగా ఉంది. పైగా యూరప్ కేంద్ర బ్యాంకులు తమ నిల్వలు అమ్ముకుంటున్నాయి. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఒక్కటే 1999 నుంచి 2002 దాకా 395 టన్నులు వదిలించుకుంది. వాషింగ్టన్‌లో నిర్ణయించిన వడ్డీ గుడుపల్లె కూలీ పని దాకా వచ్చిందంటే ఎవరూ వెంటనే నమ్మరు, కానీ ఆ గనులు మూతపడిన కాలమే సాక్ష్యం. ధర కోలుకున్నాక అదే చిగురుగుంట–బిసానత్తం బ్లాకు వేలానికి రావడం, ప్రభుత్వరంగ గనుల సంస్థ ఎన్‌ఎండీసీకి దక్కడం కూడా ఆ లెక్క మారినందువల్లే.

ఆ ఇరవై ఏళ్ల పతనం మన ఇళ్లలో ఎవరికీ గుర్తు లేదు. కారణం రూపాయి. 1980లో దాదాపు 8 రూపాయలున్న డాలరు 2001 నాటికి 47 అయింది. డాలర్లలో కూలిన బంగారం రూపాయల్లో మూడింతలైంది. మన అవ్వలకు కనిపించింది పెరుగుదలే. కానీ అదే కాలంలో మన సరుకుల ధరలు అయిదింతలు దాటాయి. అంటే ఇక్కడ కూడా బంగారం సరుకుల ధరలను అందుకోలేకపోయింది. చేతిలో అంకె పెరుగుతూ వచ్చింది కాబట్టి ఎవరూ గమనించలేదంతే. నగ అమ్మిన రోజున వచ్చిన రూపాయలతో ఎన్ని బస్తాల బియ్యం వస్తాయని లెక్క కట్టేవాళ్లు ఎంతమంది?

2022 తర్వాత కథ మారింది. ఆ ఏడాది జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. సున్నా దగ్గర ఉన్న వడ్డీని ఫెడ్ 2023 జులైకల్లా 5.25–5.50 శాతానికి పెంచింది. మొదట్లో బంగారం పాత పద్ధతిలోనే పడింది, 2022 శరదృతువులో 1,630 డాలర్ల దాకా దిగింది. ఆ తర్వాత నిజ వడ్డీలు ఇంకా పెరుగుతున్నా బంగారం దిగలేదు, పైకి తిరిగింది. అందుకు కారణం ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు జరిగిన ఒక నిర్ణయం. పాశ్చాత్య దేశాలు రష్యా కేంద్ర బ్యాంకుకు చెందిన సుమారు 30,000 కోట్ల డాలర్ల నిల్వలను స్తంభింపజేశాయి. డాలరు బాండ్లలో దాచుకున్న సొమ్ము అవసరానికి అందకపోవచ్చని మిగతా దేశాలకు అర్థమైంది. సొంత ఖజానాలో ఉన్న బంగారానికి ఆ భయం లేదు. 2022, 2023, 2024ల్లో కేంద్ర బ్యాంకులు ఏటా 1,000 టన్నులకు పైగా కొన్నాయి. వడ్డీ వస్తుందా రాదా అన్నది వాటికి ముఖ్యం కాదు. అందుకే నిజ వడ్డీ సూత్రం ఒక్కదాన్ని పట్టుకుని 2023లో బంగారం అమ్ముకున్న మదుపరులు నష్టపోయారు.

ఈ సంగతి మనకు కొత్తేమీ కాదు. 1991లో విదేశీ మారకం అడుగంటినప్పుడు రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర కుదువ పెట్టి డాలర్లు తెచ్చింది. అదే రిజర్వు బ్యాంకు 2009లో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) నుంచి 200 టన్నులు కొంది. 2023–24లో లండన్‌లో ఉన్న నిల్వల్లోంచి 100 టన్నులు స్వదేశానికి రప్పించింది. 2025 సెప్టెంబరు నాటికి దాని దగ్గర ఉన్నది దాదాపు 880 టన్నులు.

దేశంలోని ద్రవ్య విధానం దగ్గరికి వస్తే, అది బంగారం ధరను శాసించలేకపోయినా మనల్ని వేరే దారిలో తాకుతుంది. 2016 నుంచి, రెపో రేటు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ లక్ష్యం 4 శాతం ద్రవ్యోల్బణం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. మన ద్రవ్యోల్బణంలో తిండి సరుకుల వాటా పెద్దది, అది వడ్డీకి లొంగదు. 2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్లో కిలో టమోటా 200 రూపాయల దగ్గరికి పోయింది. ఆ నెల ద్రవ్యోల్బణం 7.44 శాతం. రెపో రేటు పెంచితే టమోటా కాయదు కదా. రిజర్వు బ్యాంకు 6.5 శాతం దగ్గరే ఉండిపోయింది, పంట వచ్చాక ధర దానంతటదే దిగింది. 2025లో దీనికి తలకిందులు జరిగింది. తిండి సరుకుల ధరలు పడ్డాయి, రిజర్వు బ్యాంకు ఫిబ్రవరి నుంచి డిసెంబరు వరకు విడతలుగా రెపోను 6.5 నుంచి 5.25 శాతానికి తగ్గించింది.

ఢిల్లీ లెక్కల్లో శుభవార్తగా కనిపించే ఆ 0.25 శాతం చిత్తూరు పల్లెలో వేరుగా కనిపిస్తుంది. ఆ వేసవిలో తోతాపురి మామిడి ధర ఎంతగా పడిందంటే, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలని చెప్పి, రాష్ట్ర ప్రభుత్వం మరో 4 రూపాయలు కలపాల్సి వచ్చింది. కొనేవాడికి ధర తగ్గడమంటే పండించేవాడికి రాబడి తగ్గడమే. తక్కువ ద్రవ్యోల్బణాన్ని మెచ్చుకునే విశ్లేషణల్లో ఈ రెండో సగం తరచుగా జారిపోతుంది. ఆ ఏడాది రైతు ఇంటిని ఆదుకున్నది పెట్టెలోని బంగారం. పంట ధర పడింది, కుదువ పెట్టే నగ విలువ పెరిగింది.

ఇంకో విచిత్రం. 2012 ప్రాతిపదికన లెక్కించిన ఆ చిల్లర ధరల సూచీలో బంగారానికి కూడా దాదాపు 1 శాతం వాటా ఉండేది. 2025లో తిండి, ఇంధనం తీసేసి చూసే మూల ద్రవ్యోల్బణాన్ని తగ్గకుండా పట్టి ఉంచినవాటిలో బంగారమే ముఖ్యం. ధరల పెరుగుదల బంగారాన్ని పెంచలేదు, బంగారమే ధరల సూచీని కొంత పైకి ఎత్తింది.

వడ్డీ రాదన్న లోటును తీర్చే మార్గాలూ వచ్చాయి, పెద్ద పెద్ద సంస్థలు వాడుకున్నాయి కూడా. తిరుమల తిరుపతి దేవస్థానం 2016 ఏప్రిల్‌లో పంజాబ్ నేషనల్ బ్యాంకులో 1,311 కిలోల బంగారాన్ని 1.75 శాతం వడ్డీకి మూడేళ్లు డిపాజిట్ చేసింది. 2019లో తిరిగి వచ్చింది 1,381 కిలోలు. అంటే వడ్డీ 70 కిలోల బంగారమే. 2022 నవంబరులో టీటీడీ ప్రకటించిన లెక్క ప్రకారం బ్యాంకుల్లో స్వామివారి బంగారం 10 టన్నులు పైన. ఆ నాటి ధరకు అది 5,300 కోట్ల రూపాయల చిల్లర, 2025 అక్టోబరు ధరకు అదే బరువు 12,000 కోట్ల దాకా. అలాంటి డిపాజిట్ తీసుకున్నవాళ్ల వైపు నుంచి చూడండి. తిరిగి ఇవ్వాల్సింది బంగారం, దాని ధర రెట్టింపు దాటింది. మధ్యకాలిక, దీర్ఘకాలిక బంగారు డిపాజిట్ పథకాలను కేంద్రం 2025 మార్చి 26తో ఆపేయడంలో ఆశ్చర్యం లేదు. బంగారం ధరకు ముడిపెట్టి ప్రభుత్వం అమ్మిన సార్వభౌమ పసిడి బాండ్లదీ అదే దారి. 2015 నవంబరులో గ్రాము 2,684 రూపాయలకు అమ్మిన తొలి విడతకు 2023లో 6,132 చొప్పున చెల్లించాల్సి వచ్చింది, ఏటా ఇచ్చిన వడ్డీ వేరు. 2024 ఫిబ్రవరి తర్వాత కొత్త విడత రాలేదు. మామూలు కుటుంబానికి అది మంచి పథకం. తరుగు లేదు, దొంగల భయం లేదు. ప్రభుత్వం తన వైపు ధర ప్రమాదానికి రక్షణ ఏర్పాటు చేసుకోకుండా మొదలుపెట్టి, నష్టం కనపడగానే మానేయడం మదుపరుల వైపు నుంచి చూస్తే బాధ కలిగించేదే.

మన జిల్లాల్లో బంగారం అసలు పాత్ర అప్పు దగ్గరే కనిపిస్తుంది. చిత్తూరు రైతుకు బోరు వేయాలన్నా, పాల ఆవును కొనాలన్నా, పిల్లల ఫీజు కట్టాలన్నా మొదట గుర్తొచ్చేది కుదువ. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చింది, అమలుకు 2026 ఏప్రిల్ 1 గడువు పెట్టింది. ఇంటి ఖర్చులకు తీసుకునే అప్పు అయితే, రెండున్నర లక్షల దాకా బంగారం విలువలో 85 శాతం, అయిదు లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం వరకు ఇవ్వొచ్చు. విలువ కట్టేది గత 30 రోజుల సగటు ధర, ముందురోజు ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానికి. రాళ్లకు, పనితనానికి విలువ లేదు. అసలూ వడ్డీ ఒకేసారి చివర్లో కట్టే అప్పుకైతే, గడువునాటికి కట్టాల్సిన మొత్తం ఆ పరిమితిలో ఉండాలి. ఈ చివరి నిబంధన చాలా మేలైంది. వడ్డీ పెరిగి పెరిగి నగ విలువను మింగేసే అప్పులకు అది అడ్డుకట్ట.

ధర ఎక్కువున్నప్పుడే అసలు జాగ్రత్త అవసరం. అయిదు సవర్ల నగ, 40 గ్రాములు, గ్రాము 11,000 లెక్కన 4.4 లక్షలు. దాని మీద 80 శాతం, అంటే సుమారు మూడున్నర లక్షలు తీసుకున్నారనుకుందాం. ధర 20 శాతం దిగితే నగ విలువ కూడా సుమారు మూడున్నర లక్షలే. అక్కడి నుంచి ప్రతి నెలా కట్టని వడ్డీ నగ విలువను దాటిపోతూ ఉంటుంది. అలాంటి పతనం అసాధ్యమేమీ కాదు. 2013 ఏప్రిల్‌లో రెండే రెండు రోజుల మార్కెట్లో ఔన్సు సుమారు 200 డాలర్లు పోగొట్టుకుంది, బంగారం మీద అప్పులిచ్చే కంపెనీలు కంగారుపడ్డాయి. ఆ ఏడాది రూపాయి కూడా ఆగస్టులో డాలరుకు 68 దాకా పడిపోవడం, సుంకం 10 శాతానికి పెరగడం వల్ల ఇక్కడ ధర డాలర్లలో పడినంతగా పడలేదు. కుదువ పెట్టినవాళ్లను పరోక్షంగా కాపాడింది రూపాయి బలహీనత. తర్వాతి పతనం రూపాయి నిలకడగా ఉన్నప్పుడు వస్తే, లేదా ప్రభుత్వం సుంకాన్ని మళ్లీ కోసిన రోజున వస్తే, ఆ అండ ఉండదు. 2024 జులైలో సుంకం తగ్గిన రోజునే కుదువలో ఉన్న నగల విలువ ఒక్కసారిగా తగ్గింది, ఎవరూ ఏ తప్పూ చేయకుండానే.

కాబట్టి కుదువ పెట్టేవాళ్లు నగకు ఇవ్వగలిగిన మొత్తాన్నంతా అడగకుండా, పంట డబ్బులు చేతికొచ్చే నెలకు తీర్చగలిగినంతే తీసుకోవడం మేలు. ఏడాదికోసారి వడ్డీ మాత్రం కట్టి తిరగరాసుకుంటూ పోయే అలవాటు బంగారం పెరుగుతున్నన్నాళ్లే సాగుతుంది. రెపో తగ్గినప్పుడు బంగారం అప్పు మీద వడ్డీ తగ్గిందో లేదో కూడా అడిగి తెలుసుకోవాలి. ఇల్లు కొనడానికి తీసుకున్న అప్పులో ఆ తగ్గింపు చాలావరకు దానంతటదే అమలవుతుంది. స్థిర వడ్డీకి రాసిన నగల అప్పులో మాత్రం పాత రేటే గడువు దాకా సాగుతుంది. తిరగరాసే రోజున కౌంటర్ దగ్గర కొత్త రేటు అడిగినవాళ్లకే ఆ తేడా దక్కుతుంది.